సన్నాయి కళ్లు

తుంగపల్లి పొలిమేరలో సిద్దిరాములు మోటారు బండి చప్పుడు వినబడగానే బావి దగ్గర ఆడవాళ్లు చేదలు వదిలేశారు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎవలింట్లనే?" అంది ఇంకొకామె. ఎవరికీ తెలియదు. ఎవరో పోయే ఉంటారు. లేకపోతే ఆ ఫట్‌ఫటి ఎందుకు వస్తుంది?

ఆ రోజు ఎవరూ పోలేదు. గంగయ్య కూతురు ఎల్లక్క కబురు పెడితే వచ్చాడు. మూడు నెలల కింద గంగయ్య చనిపోయినప్పుడు శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీసింది అతనే. ఆ ఫోటోదే ఇంకో కాగితం కావాలేమో అనుకుని వచ్చాడు.

సిద్దిరాములుది లక్సెట్టిపేట పక్కన గోదావరి ఒడ్డున గంగరేవు. మంగలి ఇల్లు. తాతల నుంచి సన్నాయి. తండ్రి ఇస్తారి ఊదితే తప్ప చుట్టుపక్కల ఏ పందిట్లోనూ తలంబ్రాలు పడేవి కావు. కొడుకు కూడా ఊదడం నేర్చాడు. కానీ ఊళ్లో ఉండలేదు. కరీంనగర్ పోయి బ్యాండు మేళంలో చేరి క్లారినెట్ పట్టాడు. పోలీసు చర్య అయ్యాక పటాలం వాళ్లు పాత మోటారు సైకిళ్లు వేలం వేస్తే బ్యాండు మేస్త్రీ ఒకటి పాడుకున్నాడు. నడపబోయి మురికి కాలువలో పడ్డాడు. "ఇది నాతోని గాదు, నువ్వే తీస్కపోర" అని సిద్దిరాములుకు అప్పజెప్పాడు. అప్పటి నుంచి ఆ బండే అతని లోకం. తను అన్నం తిన్నాడో లేదో గానీ దానికి నూనె పెట్టని రోజు లేదు. పెళ్లిళ్లకు మేళం వాళ్లంతా ఎడ్ల బండ్లలో పోతే, అతను క్లారినెట్ వీపుకు కట్టుకుని ముందే పోయి వాళ్ల కోసం ఎదురుచూసేవాడు.

చొప్పదండి దారిలో ఒకసారి బర్రె అడ్డం వచ్చింది. బర్రెకు ఏమీ కాలేదు. సిద్దిరాములు కింది పెదవి చీలింది. కుట్లు వేశారు. మానింది. కానీ క్లారినెట్ నోట్లో పెడితే గాలి పక్కకు పోతుంది. మేస్త్రీ మంచివాడే. తాళాలు కొట్టమన్నాడు. "ఊదినోన్ని. తాళాలు కొట్ట" అని సిద్దిరాములు బండెక్కి, రేవులో పడవ మీద బండిని దాటించుకుని ఇవతలి ఒడ్డుకు వచ్చేశాడు.

మంచిర్యాలలో విఠోబా అని చాందా వైపు నుంచి వచ్చిన మనిషి ఫోటో దుకాణం నడిపేవాడు. పల్లెల్లో మనుషులు బతికుండగా ఫోటో దిగరు. దిగితే ఆయుష్షు తరుగుతుందని భయం. పోయాక మాత్రం గుర్తుకు ఒకటి కావాలి. కబురు వస్తుంది. విఠోబా సైకిల్ మీద పోయేసరికి పాడె లేచిపోయి ఉంటుంది. సిద్దిరాములు బండి చూసి అతను ఎగిరి గంతేశాడు. "అరె బాబా, నువ్వు గాదు, నీ ఫట్‌ఫటి గావాలె నాకు" అన్నాడు. మూడు కాళ్ల కెమెరా, నల్లగుడ్డ, గాజు ప్లేట్లు ఇచ్చాడు. పని నేర్పాడు. చివర్లో సన్న కుంచె ఒకటి చేతిలో పెట్టి కళ్లు గీయడం నేర్పాడు.

అదే అసలు పని. శవం కళ్లు మూసుకుని ఉంటుంది. ఇంటివాళ్లు కళ్లు తెరిచిన ఫోటో కావాలంటారు. కాగితం మీద బొమ్మ అచ్చయ్యాక, మూసిన రెప్పల మీద కుంచెతో కళ్లు పెట్టాలి. సిద్దిరాములు చేయి నిలకడైనది. గీశాడు. గంగరేవులో తండ్రి ఇంట్లోనే ఒక గదికి తడికెలు కట్టి, ఎర్ర గుడ్డ చుట్టిన లాంతరుతో ప్లేట్లు కడుక్కుంటూ అక్కడే ఉండిపోయాడు. ఇంటి వెనక మిరప చెట్లు పెట్టాడు. రెండేళ్లు గడిచాయి.

తుంగపల్లిలో గంగయ్య ఇంటి ముందు బండి ఆపితే ఎల్లక్క గడప దాటి వచ్చింది. అత్తగారి ఊరి నుంచి తల్లిని చూసుకోవడానికి వచ్చి ఉంది. ఫోటో ఆమె చేతిలోనే ఉంది.

"అన్నా, జర ఇటు రా. గీయన ఎవలు?"

"మీ బాపు."

"మా బాపయితే గీ కండ్లేంది?"

సిద్దిరాములు చూశాడు. కళ్లు బాగానే ఉన్నాయి. నల్లగా, గుండ్రంగా ఉన్నాయి.

"మంచిగనే ఉన్నయి గద."

"మంచిగనే ఉన్నయి. మా బాపుయి గావు. మా అత్తగారి ఊర్లె కోమటి దశరథం వాళ్ల అవ్వ ఫోటో ఉన్నది. ఆమెకూ గవే కండ్లు. పక్కిల్లు ఎరుకలాయనకూ గవే. అన్నా, నీ దగ్గర ఒక్క జత కండ్లే ఉన్నయా ఏంది?"

లోపల మంచం మీద నుంచి గంగయ్య భార్య లస్మవ్వ నవ్వింది. నవ్వు దగ్గులోకి పోయింది. చలికాలమంతా ఆమె మంచం దిగలేదు.

"ఇగ జూడు కొడుకా," అంది, "నలభై ఏండ్లు కాపురం జేసిన. గాయన నన్ను ఒక్కనాడన్న గిట్ల గుడ్లు మిటకరించి సూడలే. మీసాలు ఆయనయే. చెవులు ఆయనయే. కండ్లు ఎవనియో. చీర మార్చుకుందామంటే సిగ్గయితుంది. పరాయి మొగోడు గోడ మీదికెళ్లి సూస్తనే ఉన్నడు. అందుకే మొఖం గోడకు తిప్పి పెట్టిన."

"ఎట్లుంటయో చెప్పు అవ్వా. మళ్ల గీస్త."

"ఎట్లుంటయంటే..." లస్మవ్వ పైకప్పు వంక చూసింది. "నవ్వితే చిన్నగయితయి. ఎడమది జర కిందికి ఉంటది. కోపమొస్తే... కోపమొస్తే కిందికి సూస్తడు, నా దిక్కు సూడడు."

సిద్దిరాములు సంచిలోంచి పెన్సిలు తీసి పాత కాగితం మీద గీశాడు. కాదంది. మళ్లీ గీశాడు. ఎల్లక్క కాదంది. ఎన్నిసార్లు గీసినా చేతికి ఆ గుండ్రటి కళ్లే వస్తున్నాయి.

"పోనియ్ బిడ్డా," అంది లస్మవ్వ. "సూడనోనివి ఎట్ల గీస్తవు?"

ఆ సాయంత్రం గంగరేవులో ఇస్తారి అరుగు మీద కూర్చుని సన్నాయి నోట్లో పెట్టుకునే పాళీ తడిపి ఊదుతున్నాడు. మర్నాడు లగ్గం ఉంది. సిద్దిరాములు బండి నిలబెట్టి, ఎదురుగా నిలబడి తండ్రి ముఖం చూశాడు. దవడలు ఉబ్బాయి. ఊపిరి బిగబట్టినచోట కళ్లు గుండ్రంగా, నల్లగా పెద్దవయ్యాయి.

చిన్నప్పుడు ఎదురుగా కూర్చుని ఊదడం నేర్చుకుంది ఆ కళ్లను చూసే. ఎక్కడ గాలి తీసుకోవాలో ఆ కళ్లే చెప్పేవి. జీవితంలో అతను అంత దగ్గరగా, అంతసేపు చూసిన కళ్లు అవొక్కటే. కుంచె పడితే చేతికి అవే వచ్చాయి. చుట్టూ ఊళ్లలో చచ్చిపోయిన వాళ్లంతా గోడల మీద నుంచి సన్నాయి ఊదుతున్నట్టు చూస్తున్నారు.

"ఏందిర గట్ల సూస్తున్నవ్?" ఇస్తారి ఊదడం ఆపాడు. "దయ్యం బట్టిందా?"

కొడుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ముసలాయన నవ్వీ నవ్వీ పాళీ కింద పడేసుకున్నాడు.

"అంటే గిన్ని ఇండ్లల్ల గోడల మీద నేనే ఉన్ననా? కోమటోళ్ల ముసల్దానికి గూడ నేనేనా?"

"నువ్వే."

నవ్వు తగ్గాక ఇస్తారి సన్నాయిని గుడ్డలో చుట్టాడు.

"మనది మంగళ వాయిద్యంరా సిద్దిగా. నా సన్నాయి వింటే జనం బయటికొస్తరు. నీ ఫట్‌ఫటి వింటే లోపలికి పోతున్నరు. ఇద్దరం ఒక్క పొయ్యి మీద వండుకున్నది తింటున్నం. నేనెప్పుడన్న ఒక్క మాటన్ననా? అనలే. ఇయ్యాల అంటున్న."

సిద్దిరాములు గదిలోకి పోయి కుంచె తీసి పుటుక్కున విరిచాడు. బయటికి వచ్చి, "ఇగ కండ్లు గియ్య బాపు. కండ్లు తెరిచి ఉన్నోళ్లనే తీస్త" అన్నాడు.

"బతికినోడు నీ ముందటొచ్చి కూసుంటడా?"

"కూసుంటడు."

విఠోబా ఆ మాట విని నెత్తి కొట్టుకున్నాడు.

"పిచ్చి బట్టిందా నీకు? సరే, బతికినోళ్లనే తీస్తనంటే ముందు బండి అమ్మెయ్. ఆ సప్పుడుకే జనం వణుకుతుండ్రు. సైకిల్ మీద గంట కొట్టుకుంట పో. ఒకలిద్దరన్న కూసుంటరు."

"సప్పుడు ఏం పాపం జేసింది దాదా? పని నేను జేసిన. పని మారుస్త. బండి గదే ఉంటది."

"కెమెరా నాది, యాదికున్నదా? హోలీ దాకా సూస్త. అప్పటిలోపల బతికినోని ప్లేటు ఒక్కటి తెచ్చి నాకు చూపెట్టు. లేకుంటే కెమెరా ఈడ పెట్టి పో. ఇంకోన్ని సూసుకుంట."

హోలీకి నెల కూడా లేదు. సిద్దిరాములు తల ఊపి బండెక్కాడు.

ఊరూరూ తిరిగాడు. ఒక ఊళ్లో వాకిలి ఊడుస్తున్న ముసలామె చీపురు ఎత్తింది. ఇంకో ఊళ్లో కల్లు మండువా దగ్గర ఒకడు చేతులు జోడించి, "సిద్దిరాములన్నా, మా మిరప పంట ఇంక చేతికి రాలే. జర ఆగి రారాదూ" అన్నాడు. అందరూ నవ్వారు. కూర్చున్నవాడు మాత్రం లేడు. ఒక పెళ్లి ఇంటి ముందు ఆపితే పెళ్లికూతురు మేనమామ కర్ర పట్టుకుని వచ్చాడు. ఆ పందిట్లో ఊదుతున్నది ఇస్తారే. కొడుకును చూసి కూడా చూడనట్టు ఊదుతూ పోయాడు. ఏం చేస్తాడు, మధ్యలో ఆపకూడదు. ఒక ఊరి పటేలు, "ఊర్లెకు రావొద్దని అంటలేను. బండి పొలిమేరల పెట్టి నడిసిరా" అన్నాడు. సిద్దిరాములు ఆ ఊరికి మళ్లీ పోలేదు. తనను రమ్మని బండిని బయట పెట్టమంటే, అది రావడం కాదు అనుకున్నాడు.

ఈ మధ్యలో ఒక చావు కబురు వచ్చింది.

"వస్త. కండ్లు మాత్రం గియ్య. మూసుకున్నయి మూసుకున్నట్టే ఇస్త" అన్నాడు.

వచ్చినవాడు నోరు తెరిచాడు. "గట్లయితే సచ్చినోని లెక్క కొడ్తది గదనే!"

"సచ్చిండు గద."

వాడు తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. ఆ తర్వాత చావు కబుర్లు కూడా రావడం మానేశాయి. ఇస్తారి తనకు పెట్టుకున్న జొన్న రొట్టెలో సగం విరిచి కొడుకు పళ్లెంలో వేసేవాడు.

హోలీ దగ్గరికి వచ్చింది. పిల్లలు కామదహనానికి కట్టెలు ఎత్తుకుపోతున్నారు. అప్పుడు తుంగపల్లి నుంచి సంతకు వచ్చిన ఒకామె ఎల్లక్క మాట మోసుకొచ్చింది. "మా అవ్వ ఫోటో దిగుతదట. మా అన్నకు చెప్పలే, చెప్తే ఒప్పుకోడు. రేపు మంచిగ ఎండ పొడిచినంక రమ్మను."

సిద్దిరాములు ఆ రాత్రి అన్నం ముందు చాలాసేపు కూర్చున్నాడు. లస్మవ్వ చలికాలమంతా మంచంలో ఉన్న మనిషి. ఫోటో దిగి వారం తిరక్కుండా ఏమన్నా అయితే? అప్పుడు విఠోబా కెమెరా లాక్కోవడం కాదు, ఈ గోదావరి ఒడ్డున ఏ ఊరివాళ్లూ అతణ్ణి చెట్టు నీడన కూడా నిలవనివ్వరు. ఊదడం పోయింది. ఇది కూడా పోతుంది. ఊరు కూడా పోతుంది.

"పోతవా?" అన్నాడు ఇస్తారి.

"పోత."

"నడిసిపోరాదు? ఎవలకు తెల్వది."

"తెల్వాలె బాపు."

మర్నాడు పొద్దెక్కాక బండిని తన్ని లేపాడు. ఆ చప్పుడు తగ్గించడానికి ఏమీ చేయలేదు.

లస్మవ్వ కొడుకు లచ్చయ్య తుంగపల్లి చెలకలో కూలివాళ్లతో జొన్న కోయిస్తున్నాడు. ఫట్‌ఫటి దారి మీదుగా పోతూ తన ఇంటి వైపు తిరగడం కళ్లారా చూశాడు. చేతిలో కొడవలి చేతిలోనే ఉంది. "అవ్వా!" అని ఒక్క కేక పెట్టి పరుగెత్తాడు.

ఇంట్లో ఎల్లక్క తల్లికి తల దువ్వి, ముఖం కడిగి, మంచాన్ని వాకిట్లో ఎండకు వేసింది. వెనక గోడకు గొంగడి వేలాడదీసింది. సిద్దిరాములు ఆ గుండ్రటి కళ్లు తన తండ్రివని వాళ్లకు చెబుతూ మూడు కాళ్లూ నిలబెట్టి, నల్లగుడ్డలో తలదూర్చాడు. అద్దం మీద ముసలామె తలకిందులుగా కనబడింది. బతికున్న ఏ ముఖాన్నీ ఆ అద్దంలో చూడలేదు అతను. అద్దంలో మనిషి రెప్ప కొట్టింది. అతను గుడ్డలోంచి తల బయటికి తీసి ఆమెను చూసి, మళ్లీ దూర్చాడు.

అప్పుడే వాడకట్టు అవతల నుంచి ఏడుపు వచ్చింది. "నన్ను ఇడిసిపెట్టి పోయినవా అవ్వా! నా అవ్వా!" లచ్చయ్య రొమ్ము బాదుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. అతని వెనక కూలివాళ్లు. వాళ్ల వెనక జుట్టు విరబోసుకున్న ఆడవాళ్లు, అప్పటికే శోకం ఎత్తుకున్నారు. సగం ఊరు ఉంది.

లస్మవ్వ తలెత్తి చూసింది.

"ఎవలు సచ్చిండ్రురా లచ్చిగా?"

లచ్చయ్య నిలబడిపోయాడు. "నువ్వే..." అన్నాడు.

"నేనా? నాకెవలు చెప్పలేదే!"

వెనక శోకం తీస్తున్న ఆడవాళ్లలో ఒకామెకు నవ్వు ఆగలేదు. ఆమెను చూసి ఇంకొకామె. పోచవ్వ అనే ఆమె మాత్రం ఇంకా చూడలేదు, కళ్లు మూసుకుని ఏడుస్తూనే ఉంది. "ఓ పోచవ్వా, సాలు తియ్యి, నా ముందట గింత మంచిగ ఎన్నడన్న మాట్లాడినవా" అని లస్మవ్వే ఆపించింది.

లచ్చయ్య మాత్రం నవ్వలేదు. భయం పోయినచోట కోపం వచ్చింది. కొడవలి సిద్దిరాములు వైపు తిప్పాడు.

"సచ్చినోళ్ల డబ్బ తెచ్చి బతికున్న మా అవ్వ ముందట పెడ్తవా? ఎంత ధైర్యమురా నీకు? రేపు ఆమెకు ఏమన్నయితే?"

సిద్దిరాములు కెమెరాకు ముందు వచ్చి నిలబడ్డాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అందరికీ వినబడేట్టు చెప్పాడు.

"ఏమన్నయితే గా బండిని గోదాట్ల తోస్త. నేను ఈ ఊర్లనే గాదు, ఏ ఊర్లనూ కాలు పెట్ట. అందరు విన్నరు గద. మీ అవ్వ కూసుంటనన్నది. నేను తీస్త."

"నేను సచ్చుడు గీ డబ్బ చేతుల ఉన్నదారా?" లస్మవ్వ అందుకుంది. "సస్త. సావనా? సచ్చినంక వీన్నే పిలుస్తవ్. వీడు నాకు వాళ్ల బాపు కండ్లు పెడ్తడు. నువ్వు పొద్దుగాల లేచి వాళ్ల బాపుకు మొక్కుతవు. మీ బాపును జూడు పో లోపల, మొఖం గోడకు పెట్టి నిలబడ్డడు."

లచ్చయ్య లోపలికి చూడలేదు. కొడవలి కిందికి దించాడు. నేల చూస్తూ మెల్లగా, చెల్లెలికి మాత్రమే చెప్తున్నట్టు అన్నాడు.

"నాకు గూడ ఎరుకేనే ఎల్లక్కా. మొక్కుతుంటే ఎవనికో మొక్కినట్టు ఉంటది. ఎవలకన్న చెప్తే నవ్వుతరని చెప్పలే."

పక్కకు జరిగాడు.

"అవ్వా, జర కదలకు," అన్నాడు సిద్దిరాములు ప్లేటు పెడుతూ. "మాట్లాడకు."

"కదలకుండ, మాట్లాడకుండ ఉండుడు ముంగట ఎట్లాగూ ఉన్నది గద బిడ్డా."

"గిప్పుడు ఒక్క జర."

లస్మవ్వ నోరు మూసుకుంది. ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టింది. సిద్దిరాములు కెమెరా కంటి మీది మూత తీశాడు. బ్యాండులో నడకకు వేసినట్టు కాలితో మెల్లగా తాళం వేసుకుని, మూత పెట్టేశాడు.

"అయిందా?" అంది లస్మవ్వ.

"అయింది."

"ఏం గాలేదు గద."

అందరూ ఆమె వంక చూశారు. నిజంగానే ఏమీ కాలేదు. ఆమె ఎల్లక్కను తాంబూలం అడిగింది. ఆ హోలీకీ, ఇంకా రెండు హోలీలకూ లస్మవ్వ వాకిట్లో కూర్చుని రంగులు చల్లేవాళ్లను తిట్టింది. కానీ ఆ పొద్దు అక్కడున్న ఎవరికీ ఆ సంగతి తెలియదు. అది తెలియకుండానే లచ్చయ్య ముందుకు వచ్చాడు.

"ఇంకోటి తీస్తవా?"

"ఎవలది?"

లచ్చయ్య తలపాగా విప్పి మళ్లీ చుట్టుకుని తల్లి పక్కన మంచం మీద కూర్చున్నాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు. ముఖం చెమటతో తడిసింది. ఇందాక ఏడ్చిన చారలు అట్లాగే ఉన్నాయి. ఎల్లక్క తుడవబోతే విసుక్కున్నాడు.

"కండ్లు మూసుకోకు లచ్చన్నా," అన్నాడు సిద్దిరాములు.

"సచ్చినా మూసుకోను."

సిద్దిరాములు మూత తీశాడు. లచ్చయ్య రెప్ప వేయలేదు. ఎండ సూటిగా ముఖం మీద పడుతోంది. కళ్లు ఎర్రబడ్డాయి. నీళ్లు నిండాయి. ఒక చుక్క మీసాల దాకా జారింది. అయినా రెప్ప వేయలేదు. గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు.

మూత పెట్టాక పోచవ్వ అడిగింది. "ఏందిర లచ్చయ్యా, మీ అవ్వ బతికే ఉన్నది గద, మళ్ల ఏడుస్తున్నవ్?"

"ఏడుస్తలేను," అన్నాడు లచ్చయ్య, లేవకుండా, ఇంకా కెమెరా వంకే చూస్తూ. "సూస్తున్న. ఇవి నాయి అని తెల్వద్దా?"

పోచవ్వ విరబోసుకున్న జుట్టు ముడి వేసుకుంటూ మంచం దగ్గరికి వచ్చింది. "జరుగు మరి," అంది.